పుట మీద నవ్వు, గోడ మీద గౌరవం

బలవంతుణ్ణి చూసి బలహీనుడు నవ్వుకోవడం వింత కాదు. ఎదుట నవ్వలేకపోయినా చాటున నవ్వుకుంటాడు. ఆ నవ్వు వలన ఆ పూటకు గుండె బరువు కొంత తగ్గుతుందే కాని స్థితిగతులలో మార్పు రాదు. బలహీనుడు తనను తాను చూసుకొని, తన పిరికితనాన్ని తానే గుర్తించి నవ్వగలిగిననాడు మాత్రం ఏదో ఒక మార్పుకు బీజం పడుతుంది. ఈ మాటకు నిదర్శనంగా, మనకు ఎంతో దూరాన అమెరికాలోని కాలిఫోర్నియా ద్రాక్షతోటలలో పుట్టిన ఒక వ్యంగ్యచిత్రాన్ని గురించి మన విద్యార్థులతోను, కళాశాల సంఘ సభ్యులతోను నాలుగు మాటలు చెప్పదలచాను.

1848లో జరిగిన సంధి ఫలితంగా మెక్సికో దేశపు ఉత్తర భాగం, అందులో నేటి కాలిఫోర్నియాతో సహా, అమెరికా వశమైంది. అక్కడి మెక్సికన్లు తమ నేలమీదనే పరాయివారయ్యారు. తరువాతి కాలంలో పొట్టకూటికై సరిహద్దు దాటి వచ్చినవారు వారితో కలిశారు. వీరి పిల్లలు బడిలో తల్లిభాషయైన స్పానిష్ మాట్లాడితే దండనకు గురైన రోజులున్నాయి. 'చికానో' అన్నది ఒకప్పుడు వీరిని చిన్నచూపు చూసే పిలుపు. 1960ల యువతరం ఆ పిలుపునే తలకెత్తుకొని గౌరవనామంగా మార్చుకున్నది.

ఈ జనంలో అధిక సంఖ్యాకులు పొలాలలో కూలిపని చేసేవారు. 1935లో అమెరికా ప్రభుత్వం కార్మికులకు సంఘం పెట్టుకొనే హక్కును చట్టం ద్వారా ప్రసాదించినప్పుడు వ్యవసాయ కూలీలను ఆ చట్టం పరిధి నుండి మినహాయించింది. 1962లో సీజర్ చావెజ్, డొలోరెస్ వెర్టా మొదలైనవారు ఒక వ్యవసాయ కార్మిక సంఘాన్ని స్థాపించారు. సంఘానికి పత్రిక కావలసివచ్చింది. కాని చదువరులెవరు? పలువురు కూలీలకు ఏ భాషలోనూ అక్షరజ్ఞానం లేదు. ఈ చిక్కుకు పరిష్కారంగా 1964లో వెలువడినదే 'ఎల్ మాల్‌క్రియాడో' అనే పత్రిక. ఆ మాటకు పెద్దలకు ఎదురు చెప్పే పెంకివాడని అర్థం. ఆ పత్రికకు ప్రాణం పోసిన చిత్రకారుడు ఆండ్రూ జెర్మెన్యో అనే చికానో యువకుడు.

జెర్మెన్యో ముగ్గురు వ్యక్తులను సృష్టించాడు. పొట్టివాడు, అమాయకుడు, చెప్పిన ప్రతి మాటకూ తల ఊపే కూలీ డాన్ సొటాకో. కూలీలను పనికి కుదిర్చి నడుమ తన వాటా మింగే మేస్త్రీ డాన్ కొయోటే. కొయోటే అంటే ఆ ప్రాంతపు ఒక విధమైన గుంటనక్క. ఇక మూడవవాడు పత్రోన్సీతో, బొజ్జ పెంచిన తోట యజమాని. మన భాషలో చెప్పాలంటే దొరవారు. ఈ ముగ్గురితో జెర్మెన్యో కూలీల దైనందిన జీవితాన్నంతా బొమ్మ కట్టించాడు. అక్షరం రానివాడు సైతం బొమ్మను చూడగానే తన మేస్త్రీని పోల్చుకున్నాడు. అంతకన్న ముఖ్యంగా తనను తాను పోల్చుకున్నాడు.

ఇక్కడ పాఠకులు ఒక విషయాన్ని గమనించాలి. దొరను, మేస్త్రీని ఎగతాళి చేయడం అంత కష్టం కాదు. జెర్మెన్యో సాహసమంతా డాన్ సొటాకోను చిత్రించడంలోనే ఉన్నది. అతడు వీరుడు కాడు. మోసపోతాడు, భయపడతాడు, తన హక్కు తనకు తెలియక చేజార్చుకుంటాడు. ఒక కూలీ ముఖం మీద 'నీవు పిరికివాడవు' అంటే ఆగ్రహిస్తాడు, సంఘం గడప తొక్కడు. అదే మాట బొమ్మలో చూపితే నవ్వుతాడు, నవ్విన పిమ్మట ఆలోచిస్తాడు. మనసు నొప్పించకుండా కఠిన సత్యాన్ని చెప్పడానికి ఈ బొమ్మలు తోడ్పడ్డాయని చావెజ్ తరువాత కాలంలో గుర్తు చేసుకున్నాడు.

1965 సెప్టెంబరు 8న డెలానో పట్టణ ప్రాంతపు ద్రాక్షతోటలలో మొదట ఫిలిప్పినో కూలీలు లారీ ఇట్లియాంగ్ నాయకత్వాన సమ్మె ప్రారంభించారు. కొద్ది దినాలకే మెక్సికన్ కూలీల సంఘం వారితో చేయి కలిపింది. 1966లో జెర్మెన్యో గీసిన ఒక గోడప్రకటనలో ఆ డాన్ సొటాకోయే సంఘం నల్లగద్ద పతాకాన్ని చేతబట్టి ముందుకు ఉరుకుతూ కనిపిస్తాడు. దానిమీద ఉన్నది ఒకే మాట, 'వెల్గా', అనగా సమ్మె. నిన్నటివరకు తల వంచుకొని నడిచిన మనిషి నేడు పతాకధారి అయినాడు. మొదటి రోజుననే అతణ్ణి వీరుడుగా గీసి ఉంటే ఆ చిత్రాన్ని ఎవరు నమ్మేవారు? తమవలెనే భయపడినవాడు కనుకనే కూలీలు అతని ధైర్యాన్ని నమ్మారు. దేశమంతటా ప్రజలు ద్రాక్షను బహిష్కరించగా, అయిదేళ్ళ పోరాటం అనంతరం 1970 జూలైలో తోట యజమానులు సంఘంతో ఒడంబడిక చేసుకున్నారు. విజయం బొమ్మల వలననే వచ్చిందని నేననను. కూలీల కడుపు మాడినది, కాళ్ళు అరిగినవి. కాని నడిచే కాళ్ళకు ముందు కదలవలసినది మనస్సు. దానిని కదిలించిన వాటిలో ఈ నవ్వు ఒకటి.

ఆ తోటలలో వినవచ్చే భాష ఒకటి కాదు. పత్రిక తొలుత స్పానిష్‌లోను, పిమ్మట ఆంగ్లంలోను వెలువడింది. పొలాలలో ఫిలిప్పీన్స్ భాషలతోపాటు అరబ్బీ కూడా వినిపించేది, ఎందుకంటే యెమెన్ నుండి వచ్చిన ముస్లిం కూలీలు కూడా అక్కడ ఉండేవారు. 1973 ఆగస్టులో సమ్మె సందర్భంగా ఒక పోలీసు అధికారి కొట్టిన దెబ్బకు నాజీ దైఫల్లా అనే యెమెనీ యువకుడు మరణించాడు. వేలాది కార్మికులు అతని అంతిమయాత్రలో నడిచారు. ఇన్ని భాషల మధ్య ఏ అనువాదమూ అక్కరలేని భాష బొమ్మ ఒక్కటే.

పుటను గురించి ఇంతవరకు చెప్పాను. ఇక గోడను గురించి చెప్పవలసి ఉన్నది. చికానోలకు గోడమీది బొమ్మ మెక్సికో నుండి వచ్చిన వారసత్వం. చౌకబారు కాగితాలమీద అస్థిపంజరాల బొమ్మలతో గొప్పవారిని ఎగతాళి చేసిన పోసాడా 1913లో పేదరికంలోనే కన్నుమూశాడు. ప్రఖ్యాత కుడ్యచిత్రకారుడు డియేగో రివేరా ఆయనను గురుతుల్యుడుగా భావించి, 1947 నాటి తన మహాచిత్రంలో ఆయన రూపాన్ని నిలిపాడు. పుటకు, గోడకు చుట్టరికం అంత పాతది. 1932లో సికేరోస్ అనే మరొక మెక్సికన్ చిత్రకారుడు లాస్ ఏంజెలిస్ నగరంలో ఒక గోడమీద అమెరికా గద్ద కింద శిలువ వేయబడిన ఆదివాసిని చిత్రించాడు. కన్నుల పండుగైన ఉష్ణదేశపు దృశ్యాన్ని ఆశించిన పెద్దలకు అది రుచించలేదు. కొన్నాళ్ళకే సున్నం పూయించారు. చిత్రమేమంటే, 1960ల చివర చికానో ఉద్యమం తలెత్తే నాటికి ఆ సున్నం పెచ్చులూడి అడుగునున్న బొమ్మ తొంగిచూడసాగింది. 2012లో దానిని సంరక్షించి ప్రజలు దర్శించే ఏర్పాటు చేశారు.

1968లో ఆంటోనియో బెర్నాల్ డెల్ రే గ్రామంలో కూలీల నాటకసమాజం వారి భవనం గోడమీద ప్రాచీన మాయా రాజుల సరసన నేటి ప్రజానాయకుల వరుసను చిత్రించాడు. 1970 ఏప్రిల్ 22న సాన్ డియేగో నగరంలో మరొక సంఘటన జరిగింది. ఒక వంతెన నిర్మాణం వలన ఇళ్ళు కోల్పోయిన పేటవాసులు, ఆ వంతెన కింది స్థలంలో పోలీసు కేంద్రం కట్టబోతున్నారని విని దానిని ఆక్రమించి ఉద్యానవనంగా చేసుకున్నారు. 1973 నుండి ఆ వంతెన స్తంభాలనే చిత్రఫలకాలుగా మలచుకున్నారు. పేటను చీల్చిన సిమెంటు స్తంభాలమీదనే తమ చరిత్రను రాసుకున్నారన్నమాట. 2016లో ప్రభుత్వమే ఆ స్థలాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది.

పుట, గోడ చేసే పనులు వేరు. గోడమీద మనిషి నిలువెత్తుగా, తాతముత్తాతల తేజస్సుతో కనిపిస్తాడు. పుటమీద అదే మనిషి పొట్టిగా, చిరిగిన బట్టలతో, తన తెలివితక్కువతనంతో సహా కనిపిస్తాడు. 'నీ వంశం గొప్పది' అని గోడ చెబితే, 'నీవు ఇప్పుడున్న తీరు ఇది' అని పుట చెబుతుంది. ఏ జాతికైనా రెండూ అవసరం. గోడ లేని జాతి కుంగిపోతుంది. పుట లేని జాతి ఉబ్బిపోతుంది.

కూలీల సంఘం ఉత్తరోత్తరా ఈ రెండవ ప్రమాదాన్నే ఎదుర్కొన్నది. 1975లో రాష్ట్ర చట్టం ద్వారా సంఘం పెట్టుకొనే హక్కు లభించినా, 1970ల చివరికి నాయకత్వం ప్రశ్నించినవారిని అనుమానించసాగింది. ఏళ్ళ తరబడి శ్రమించిన కార్యకర్తలు పలువురు వెళ్ళిపోయారు, మరికొందరిని వెళ్ళగొట్టారు. చావెజ్ 1993లో మరణించేనాటికి సంఘబలం బాగా క్షీణించింది. ఇందుకు ఇతర కారణాలు అనేకం ఉన్నమాట నిజం. కాని తనను చూసి తాను నవ్వుకొనే పత్రికతో బలపడిన ఉద్యమం, ఆ నవ్వును మరచిన తరువాత బలహీనపడిందన్న సంగతిని నేను తేలికగా తీసుకోలేను.

దీనికి మన పెద్దలు ఒక ఆక్షేపణ చెబుతారు. అది తీసిపారవేయదగినది కాదు. "అసలే అల్పసంఖ్యాకులం, మన లోపాలను మనమే బజారున పెడితే పరులకు అలుసైపోమా?" అంటారు. కాలిఫోర్నియా కూలీలకూ ఈ భయం ఉండదగినదే. అయితే కూలీలను మందబుద్ధులని, సోమరులని నిందించడానికి దొరలు జెర్మెన్యో బొమ్మ కోసం ఎదురుచూడలేదు. ఆ నిందలు అంతకు ముందునుంచే ఉన్నవి. నిందకు, వ్యంగ్యానికి భేదం గీసే చేతిలో ఉన్నది. నింద బయటివాడు వేస్తాడు, దానివెనుక దారి ఉండదు. వ్యంగ్యం మనలో ఒకడే, మన బాధ పడినవాడే వేస్తాడు, దానివెనుక ఒక దారి చూపుతాడు. పైగా దొరను విడిచి కూలీని మాత్రమే ఎగతాళి చేసే వ్యంగ్యం వ్యంగ్యమే కాదు, అది దొరకు ఊడిగం. జెర్మెన్యో ముగ్గురినీ కలిపే గీశాడు.

ఇంత చెప్పిన నేను నా సంగతి దాచితే న్యాయం కాదు. కొన్నేళ్ళ క్రితం ఒక విద్యార్థి మన గోడపత్రికలో ఒక బొమ్మ పెట్టాడు. బల్ల వెనుక ఒక అధ్యాపకుడు నిలబడి పసుపుపచ్చగా మాగిపోయిన నోట్సు చదువుతున్నాడు. ఆ కాగితాలనుండి చెదలు వరుసగా దిగి వచ్చి మొదటి బెంచీలో కూర్చొని శ్రద్ధగా వింటున్నాయి. విద్యార్థులు మాత్రం నిద్రపోతున్నారు. అధ్యాపకుడి కళ్ళజోడు, గడ్డం నావే. నేను ఎవరూ చూడకుండా ఆ బొమ్మను ఊడదీసి జేబులో పెట్టుకున్నాను. ఇంటికి వెళ్ళి నా నోట్సు తీసి చూశాను. అవి నేను ఎం.ఏ. చదువుతున్ననాడు రాసుకొన్నవి. ఆ రాత్రి కొత్త నోట్సు రాయడానికి కూర్చున్నాను. కాని ఆ విద్యార్థికి బొమ్మ తిరిగి ఇవ్వలేదు, ఒక మంచిమాటా చెప్పలేదు. అతడు మళ్ళీ గోడపత్రికకు బొమ్మ వేయలేదు. గోడమీద సున్నం పూసినవారిని గురించి చదివినప్పుడల్లా నా జేబు నాకు గుర్తుకు వస్తుంది.

మన వార్షిక సంచికలు తిరగవేసి చూడండి. గతవైభవాన్ని కీర్తించే వ్యాసాలున్నవి, మనకు జరిగిన అన్యాయాలను ఏకరువు పెట్టే వ్యాసాలూ ఉన్నవి. రెండూ ఉండదగినవే. మనల్ని చూసి మనం నవ్వుకొన్న పుట మాత్రం ఒక్కటీ లేదు. పరీక్షలకు ముందు నిద్రలేచే విద్యార్థి, నోట్సుకు బందీయైన అధ్యాపకుడు, సన్మాన సభలకే తీరిక దొరికే పెద్దమనిషి, వీరందరూ మన డాన్ సొటాకోలు కారా?

మన సంచిక ఉర్దూ భాగం కుడివైపు నుండి, తెలుగు భాగం ఎడమవైపు నుండి ప్రారంభమై నడుమ కలుసుకుంటాయి. ఆ కలుసుకొనే చోట ప్రతి సంవత్సరం ఒక ఖాళీ పుట మిగిలిపోతున్నది. ఉర్దూ మాత్రమే చదివేవారు ఇటు రారు, తెలుగు మాత్రమే చదివేవారు అటు పోరు. వచ్చే సంవత్సరం నుండి ఆ పుటను విద్యార్థుల వ్యంగ్యచిత్రాలకు కేటాయించవలసిందని కళాశాల సంఘాన్ని సవినయంగా కోరుతున్నాను. బొమ్మ ఏ భాగం వారిదని ఎవరూ అడగరు. ఎవరి బొమ్మ వేసినా సున్నం పూయబోమని అధ్యాపకులమైన మేము ముందుగా మాట ఇవ్వాలి. మొదటి బొమ్మకు ఎవరైనా వెదుకుతుంటే, నా కళ్ళజోడు, నా గడ్డం, నా పాత నోట్సు సిద్ధంగా ఉన్నవి.