2025లో టెక్సస్ టీమ్ బరువంతా మధ్యలో నిలబడేవాళ్ళ మీదే

ఆగస్టు వచ్చిందంటే ఆస్టిన్‌లో వినిపించేవి రెండే మాటలు. ఒకటి ఎండ, రెండోది ఫుట్‌బాల్. ఈ 2025 సీజన్‌లో ఆ రెండో మాటలో కూడా ఒక్క పేరే మోగిపోతోంది: ఆర్చ్ మానింగ్. బాబాయ్‌లు పేటన్ మానింగ్, ఈలై మానింగ్, తాత ఆర్చీ మానింగ్, ముగ్గురూ పెద్ద క్వార్టర్‌బ్యాక్‌లే. ఇప్పుడు వంతు ఈ అబ్బాయిది. 2025 ఆగస్టు 11న అసోసియేటెడ్ ప్రెస్ వాళ్ళు సీజన్‌కు ముందు ఇచ్చే ర్యాంకులు వచ్చాయి. టెక్సస్ యూనివర్సిటీ టీమ్‌కి మొదటి స్థానం. సీజన్ మొదలవ్వకముందే ఆ స్థానం దక్కడం ఈ యూనివర్సిటీకి ఇదే మొదటిసారట. ఇక చూడండి, కూరగాయల దగ్గరా, గుడిలో ప్రసాదం లైన్లోనూ ఇదే చర్చ.

నా మాట మాత్రం వేరు. ఈ సీజన్ ఎలా సాగుతుందో తేల్చేది ఆర్చ్ మానింగ్ కాదు, డిఫెన్స్. అందులోనూ పేర్లు ఎవరికీ గుర్తుండని నలుగురైదుగురు భారీకాయులు.

‘ఫుట్‌బాల్ మగాళ్ళ గోల, మనకెందుకు’ అని వెళ్ళిపోకండి. మన పిల్లలు చదివే కాలేజీ ఇది. ఆ ఆడేవాళ్ళు మన పిల్లల పక్క బెంచీల్లో కూర్చునే పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళు. శనివారం మన హాల్లో టీవీ ముందు వాళ్ళను ఏమంటామో మన పిల్లలు వింటూనే ఉంటారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఆట సంగతి. మనకు కబడ్డీ తెలుసు కదా. రైడర్ తొడ కొట్టి వస్తాడు, అందరి కళ్ళూ అతని మీదే. అవతల ఏడుగురు చేతులు పట్టుకుని గొలుసులా నిలబడతారు. అందులో ఒక్కడి చెయ్యి జారితే చాలు, రైడర్ గీత దాటేస్తాడు. తిట్లు మాత్రం గొలుసు మొత్తానికి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో డిఫెన్స్ పనీ అలాంటిదే. అవతలివాళ్ళకు నాలుగు ప్రయత్నాలుంటాయి, ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకు రావాలి. రానివ్వకుండా చూడడమే ఇవతలి పదకొండుమంది పని.

ఆ పదకొండుమందిలో ముందు వరసలో, సరిగ్గా మధ్యలో నిలబడేవాళ్ళను డిఫెన్సివ్ ట్యాకిల్స్ అంటారు. ఒక్కొక్కరు నూట నలభై, నూట యాభై కిలోలుంటారు. వీళ్ళ పని బంతి ఉన్నవాణ్ణి పరుగెత్తి పట్టుకోవడం కాదు. ఎదురుగా వచ్చే ఇద్దరిని తన ఒంటి మీద ఆపి, కదలకుండా నిలబడడం. ఒకడు ఇద్దరిని ఆపాడంటే వెనకున్న లైన్‌బ్యాకర్‌కు దారి ఖాళీ అవుతుంది. అతను దూసుకొచ్చి పడగొడతాడు. లెక్కల పట్టికలో అతని పేరు పడుతుంది, టీవీలో అతని పేరే చెబుతారు. దారి ఇచ్చినవాడి పేరు ఎక్కడా ఉండదు. ఇల్లు నడిపే మనకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా.

2024 లెక్కలే తీసుకుందాం. డెంటన్ నుంచి వచ్చిన ఆంథొనీ హిల్ అనే లైన్‌బ్యాకర్ 113 సార్లు పడగొట్టాడు. డంకన్‌విల్ కుర్రాడు కాలిన్ సిమన్స్ మొదటి ఏడాదిలోనే 9 సార్లు క్వార్టర్‌బ్యాక్‌ను కూలదోశాడు. డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకు ఈ ఊళ్ళు బాగా తెలుసు. ఇద్దరూ బంగారం లాంటి ఆటగాళ్ళే, ఇద్దరూ 2025 టీమ్‌లోనూ ఉన్నారు. అందుకే ‘డిఫెన్స్‌కేం ఢోకా లేదు’ అంటున్నారు అందరూ. కానీ వీళ్ళకు ఆ దారి ఇచ్చింది ఎవరు? ఆల్ఫ్రెడ్ కాలిన్స్, వెర్నన్ బ్రౌటన్. ఇద్దరూ డిఫెన్సివ్ ట్యాకిల్సే, ఇద్దరూ వెళ్ళిపోయారు. ఒకరు శాన్ ఫ్రాన్సిస్కోకి, ఇంకొకరు న్యూ ఆర్లియన్స్‌కి.

వాళ్ళే కాదు. డిఫెన్సివ్ బ్యాక్‌లలో దేశంలోనే మేటి అని థార్ప్ అవార్డు అందుకున్న జాడే బారన్ డెన్వర్‌కి, ఆండ్రూ ముకూబా ఫిలడెల్ఫియాకి, బారిన్ సోరెల్ గ్రీన్ బేకి వెళ్ళారు. ఒక్క డిఫెన్స్ నుంచే ఐదుగురు 2025 ఏప్రిల్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఎంపికయ్యారు. సంతోషించాల్సిన విషయమే. కానీ ఒకేసారి ఐదు స్తంభాలు తీసిన ఇంటి పైకప్పు గురించి కాస్త ఆలోచించాలి కదా.

వాళ్ళ స్థానంలో వచ్చినవాళ్ళెవరు? ట్రావిస్ షా నార్త్ కరోలినా నుంచి, కోల్ బ్రెవార్డ్ పర్డ్యూ నుంచి, మరాద్ వాట్సన్ సిరక్యూజ్ నుంచి, లవాన్ జాన్సన్ మేరీలాండ్ నుంచి వచ్చారు. జర్మనీ నుంచి వచ్చిన హీరో కానూ అనే అబ్బాయి ఒహాయో స్టేట్ వదిలి ఇక్కడికి వచ్చాడు. ఐదు చోట్ల నుంచి ఐదుగురు. ఇప్పుడు కాలేజీ ఆటలో ఇదే పద్ధతి. ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెట్టుకుని ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారొచ్చు. 2025 జూలై నుంచి కాలేజీలే ఆటగాళ్ళకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చని కోర్టు ఒప్పందం కూడా కుదిరింది. ఒక్కో కాలేజీ ఏడాదికి దాదాపు 2 కోట్ల డాలర్ల దాకా పంచవచ్చు.

డబ్బు పెట్టి మంచి ఆటగాళ్ళను తెచ్చుకోవచ్చు, కాదనను. పొందిక మాత్రం కొని తెచ్చేది కాదు. పక్కవాడు ఎటు ఒరుగుతాడో, ఏ క్షణంలో ఏ ఖాళీ వదులుతాడో కలిసి ఆడితేనే తెలుస్తుంది. పెళ్ళివంటకు ఐదు ఊళ్ళ నుంచి ఐదుగురు మంచి వంటవాళ్ళను పిలిచినా, మొదటిరోజు పొయ్యి దగ్గర ఒకరికొకరు అడ్డం పడతారు. మూడో రోజుకి మాట లేకుండానే గరిటె చేతులు మారుతుంది. ఈ కుర్రాళ్ళకు ఆ మొదటిరోజే కొలంబస్‌లో, ఆగస్టు 30న, ఒహాయో స్టేట్ మైదానంలో ఆట. ఒహాయో స్టేట్ అంటే 2024 సీజన్ జాతీయ చాంపియన్. పైగా కానూకి అది తన పాత ఇల్లు.

ఒహాయో స్టేట్‌తో మనకు పాత బాకీ కూడా ఉంది. 2025 జనవరి 10న కాటన్ బౌల్ సెమీఫైనల్లో వాళ్ళు 28-14తో గెలిచారు. ఆ ఆట తర్వాత చాలామంది డిఫెన్స్‌నే తిట్టారు. ఒకసారి నిదానంగా చూద్దాం. ఆ రోజు వాళ్ళ దగ్గర జెరెమయా స్మిత్ అనే కుర్రాడున్నాడు, దేశంలో అతన్ని ఆపిన టీమ్ లేదన్నారు. మన డిఫెన్స్ అతన్ని మ్యాచ్ మొత్తం మీద ఒకే ఒక్క క్యాచ్‌కి, 3 గజాలకి కట్టేసింది. అతని మీద అంత కాపలా పెట్టినప్పుడు ఇంకెక్కడో సందు వదలక తప్పదు. సగం ఆట ముగిసే ముందు ట్రెవియన్ హెండర్సన్ చిన్న పాస్ అందుకుని 75 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. అది డిఫెన్స్ తప్పే, ఒప్పుకోవాలి.

కానీ ఆట పోయింది అక్కడ కాదు. చివర్లో మనవాళ్ళు గోల్ గీత ముందుకొచ్చి నిలబడ్డారు. ఒక్క గజం. దాటితే స్కోరు సమం. దాటలేకపోయారు. నాలుగో ప్రయత్నంలో మన క్వార్టర్‌బ్యాక్ చేతిలో బంతి జారింది, జాక్ సాయర్ దాన్ని ఎత్తుకుని 83 గజాలు పరుగెత్తాడు. ఆ 28 పాయింట్లలో చివరి 7 వచ్చినప్పుడు మన డిఫెన్స్ మైదానంలోనే లేదు. అయినా స్కోరు చూసినవాళ్ళకు 28 ఇచ్చినట్టే కనిపిస్తుంది. ఎవరి ఖాతాలో ఏది పడాలో చూడకుండా తిట్టడం మనకు అలవాటైపోయింది.

మరి నేను ఈ డిఫెన్స్ నుంచి ఏం ఆశిస్తున్నాను? మూడు సంగతులు.

మొదటిది, పోయినేడాది డిఫెన్స్‌లా వెంటనే ఉండాలని ఆశించను. 2024లో వాళ్ళు మ్యాచ్‌కి సగటున 15 పాయింట్లే ఇచ్చారు, దేశంలోనే మేటి డిఫెన్సుల్లో ఒకటి. ఆ 15 ఒక్కరోజులో రాలేదు. అప్పటి డిఫెన్స్ కోచ్ పీట్ క్వియాట్‌కౌస్కీ వాషింగ్టన్ నుంచి వచ్చింది 2021లో. ఆ ఏడాది సగటు 31. టీమ్ ఐదు గెలిచి ఏడు ఓడింది. సొంత మైదానంలో కాన్సస్ చేతిలో 57-56తో ఓడిపోయారు. అప్పుడు ఆయన్ని పంపెయ్యమని అరిచినవాళ్ళకు లెక్క లేదు. యూనివర్సిటీ అప్పుడు పంపలేదు. ఏటేటా కాస్త కాస్త తగ్గుతూ నాలుగో ఏటికి సగం అయింది. ఓపిక పడితే ఏం దొరుకుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కొత్త ట్యాకిల్స్‌కి అక్టోబరు దాకా టైమివ్వాలి. కొలంబస్ తర్వాత మూడు ఆటలు సొంతగడ్డ మీద, శాన్ హోసే స్టేట్, యూటెప్, శామ్ హ్యూస్టన్‌లతో. కుదురుకోవడానికి అవి చాలు. అక్టోబరు 4న ఫ్లోరిడాలో, 11న డాలస్‌లో ఓక్లహోమాతో ఆట. లెక్క అడగాల్సింది అక్కడ.

రెండోది, మధ్యలోంచి పరుగు రానివ్వకూడదు. పక్కల నుంచి ఒకటి రెండు పెద్ద పాస్‌లు పోయినా ఏం కాదు. 2025 టీమ్‌లో వెనక మైకల్ టాఫ్ ఉన్నాడు. ఈ అబ్బాయి కథ నాకు చాలా ఇష్టం. ఆస్టిన్ పిల్లాడే, వెస్ట్‌లేక్ హైస్కూల్లో చదివాడు. స్కాలర్‌షిప్ లేకుండా టీమ్‌లో చేరి, చివరికి ఆ టీమ్‌కే వెనక కాపలా పెద్ద అయ్యాడు. అలాంటివాళ్ళు పొరపాటు జరిగినా సర్దుతారు. మధ్యలో గోడ కూలితే మాత్రం ఎవరూ సర్దలేరు. ప్రతిసారీ నాలుగైదు గజాలు తోసుకుంటూ వచ్చేస్తారు, డిఫెన్స్ ఊపిరి తీసుకునే వీలే ఉండదు. ఆంథొనీ హిల్ ఎంత పడగొట్టాడన్నది కాదు, ఎక్కడ పడగొట్టాడన్నది చూడండి. గీత దగ్గరే అయితే ముందున్నవాళ్ళు పని చేసినట్టు. ఆరు గజాలు లోపలికొచ్చాక అయితే చెయ్యనట్టు. ఈ ఒక్క గుర్తు చాలు, ఆట అర్థమైపోతుంది.

మూడోది ఆటగాళ్ళ నుంచి కాదు, మన నుంచి. ర్యాంకు ఇచ్చింది పేపరువాళ్ళు. ఆ కుర్రాళ్ళు ‘మేమే నంబర్ వన్’ అని ఎవరికీ సంతకం పెట్టివ్వలేదు. కానీ ఒక్క టచ్‌డౌన్ ఇవ్వగానే మన హాల్లోంచి వచ్చే మాటలు మీకూ తెలుసు. ‘వేస్ట్ గాళ్ళు’, ‘డబ్బు తీసుకుని పడుకున్నారు’. ఫోన్లలో అయితే ఆ కుర్రాళ్ళకే నేరుగా రాసేవాళ్ళున్నారు. ఇరవై ఏళ్ళ పిల్లాడు ఆట ముగించి, బస్సులో కూర్చుని, ఫోన్ తీస్తే అవే కనిపిస్తాయి. వాడికీ ఒక తల్లి ఉంటుంది, ఆమె కూడా ఆ ఫోన్లో అవన్నీ చదువుతుంది.

పక్కనే కూర్చుని మన పిల్లలు ఏం నేర్చుకుంటున్నారు? బంతి పట్టుకుని పరుగెత్తినవాడే మనిషి, దారి ఇచ్చినవాడు లెక్కలో లేడని. గెలిచినన్నాళ్ళూ మనవాడు, తడబడితే వేస్ట్ గాడని. మొదటి సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు తప్పినవాడు ఇంటికి ఫోన్ చెయ్యడానికి ఎందుకు భయపడతాడో, ఇలాంటి శనివారాలు పది కలిస్తే అర్థమవుతుంది. ఆశ పెట్టుకోవడంలో తప్పు లేదు. నేనూ పెట్టుకున్నాను. కానీ ఎవరి పని ఏమిటో తెలుసుకుని పెట్టుకునే ఆశ వేరు, ర్యాంకు చూసి నెత్తిన పెట్టే బరువు వేరు. మొదటిది మనిషిని నిలబెడుతుంది. రెండోది ఇరవయ్యేళ్ళకే నడుం వంచేస్తుంది.

అందుకే ఈ సీజన్‌లో మా ఇంట్లో ఒక నియమం పెట్టాను. టీవీ ముందు ఎవరిని తిట్టాలన్నా ముందు అతని పని ఏమిటో చెప్పాలి. చెప్పలేకపోతే నోరు మూసుకుని పకోడీ తినాలి. మావారు నవ్వారు గానీ ఒప్పుకున్నారు. మా అబ్బాయి అప్పుడే ఐదుగురు కొత్త ట్యాకిల్స్ పేర్లూ, ఏ కాలేజీల నుంచి వచ్చారో, అన్నీ కంఠతా పట్టాడు.

30వ తేదీన అందరి కళ్ళూ ఆర్చ్ మానింగ్ మీద ఉంటాయి. మీరు మాత్రం ఒక్కసారి అవతలివాళ్ళ చేతిలో బంతి ఉన్నప్పుడు చూడండి. బంతిని చూడకండి, మధ్యలో ఇద్దరిని ఒంటి మీద మోస్తూ నిలబడ్డవాణ్ణి చూడండి. అతను వెనక్కి జరగకపోతే ఈ ఏడాది మనకు మంచిదే. ఆ రోజు జరిగినా కంగారు పడకండి, అక్టోబరుకి నిలబడతాడు.