పెట్టె యడుగునున్న ఛాయాపటములు

మెదకు పట్టణమున మన యిండ్లలో ట్రంకుపెట్టె యడుగున, పట్టుచీరల క్రింద, పాత పటముల కవరొకటి యుండుట సామాన్యము. పెండ్లివారు, బారసాలనాఁటి బిడ్డలు, 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపఁబడిన పెద్దచర్చి యెదుట బారులుతీరిన చుట్టములు అందుఁ గానవత్తురు. ఇల్లు మాఱునపుడు మొదట చెత్తలోనికిఁ బోవునదియు నీ కవరే.

ఇతరులు విడిచిన యిట్టి పటములను బోగుచేసి కీర్తిగాంచిన కళాకారుఁ డొకఁడు జర్మనీదేశమున నుండెను. అతని పేరు హాన్స్ పీటర్ ఫెల్డ్‌మన్ (1941–2023). చేతి నేర్పుకన్న నూహయే ప్రధానమని తలఁచిన తరమువాఁ డతఁడు. 1968 మొదలు కొన్నియేండ్లు చిన్నచిన్న పొత్తములను వెలువరించెను. అట్టమీఁద లోనున్న బొమ్మల సంఖ్య మాత్రమే, వ్యాఖ్యానము లేదు. లోపల విమానములు, కుర్చీలు, సర్దని పడకలు! ఒక స్త్రీ బట్టలనన్నిఁటిని ఒక్కొక్కటిగాఁ జూపిన పటముల వరుసయు నతనిదే. బీరువా తెఱచి నిట్టూర్చు మనకు దాని భావము విప్పిచెప్ప నక్కఱలేదు. నడుమ కొంతకాలము కళను విడిచి దుకాణము నడుపుకొనెననుట నాకు మిక్కిలి నచ్చిన సంగతి.

అయినను నాకొక సంకోచము గలదు. పేరుదెలియని పటములోని యామె యొకప్పు డెవరికో తల్లి. 1892లో రాజా దీన్ దయాళ్ హైదరాబాదునందు ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగా నొక ఛాయాచిత్రశాలను దెఱచెను. అందుఁ బటములు దీయుటకు శ్రీమతి కెన్నీ లెవిక్ అను నాంగ్లవనిత నియమింపఁబడెను. పరపురుషుని కంటఁబడరాదని యంత జాగ్రత్తతోఁ దీయించుకొన్న పటము, నూఱేండ్ల పిమ్మట అంగడిలో దొరికి యెవరి గోడకో యెక్కినచో, అది గౌరవమా, అపచారమా? కళాకారుని నేను దూషింపను. అతఁ డెత్తి పెట్టుకొన్నాఁడు, పాఱవైచినవారము మనమే. పటము వెనుక నొక్క పేరున్నచో దాని నేరుకొన్నవానికి అడుగుటకైన నొక దారి యుండెడిది.

కావున కవరు దింపి, యింట పెద్దామె యున్న యీ దినములలోనే యొద్ద కూర్చుండి యడుగుఁడు. మెత్తని పెన్సిలుతో వెనుక నంచున వ్రాయుఁడు. బాల్‌పెన్నుతో నొత్తినచో గుర్తులు ముందువైపునఁ దేలును. "అత్తయ్య" యని విడువక పేరు, ఊరు, వరుస వ్రాయవలెను. ఇద్దఱు ముసలమ్మ లొకే పటమునకు వేర్వేఱు పేర్లు చెప్పినచో రెండును వ్రాసి, యేది యెవరు చెప్పిరో ప్రక్కనఁ జేర్పుఁడు.