భూసార పటములు - సగటు లెక్కలు

మన రైతు గట్టుమీది జానెడు నేలకై న్యాయస్థానమెక్కుటకు వెనుదీయడు. ఆ జానెడు నేలకు సర్వే పటమున, అడంగలున లెక్క కలదు. కాని గట్టునకు లోపలనున్న మంటిలో ఏమి కలదో, ఏమి కొరవడినదో తెలుపు లెక్క అతనియొద్దను లేదు. అతని పక్షమున వాదించు మావంటి వకీళ్ల కట్టలలోను లేదు.

ఈ కొరత దీర్చుటకే భారత ప్రభుత్వము 2015వ సంవత్సరమున భూసార పత్రముల పథకమును ఆరంభించినది. నత్రజని, భాస్వరము, పొటాషులతోపాటు గంధకము, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరానుల మోతాదును గూడ అందు వ్రాయుదురు. మంచిపని. దీనిని మేము మనసార కొనియాడుచున్నాము. అయితే ఆ పథకపు నియమమును పాఠకులు పరికింతురుగాక: నీటివసతి గల భూములలో 2.5 హెక్టార్లకు, మెట్టలో 10 హెక్టార్లకు ఒక్కొక్క నమూనా. 10 హెక్టార్లనగా 25 ఎకరములు! రెండెకరముల ఆసామి చేతికి వచ్చిన పత్రము పొరుగువాని మంటి ఫలితమే కావచ్చును.

ఇక జిల్లా పటముల సంగతి. 2022లో నంద్యాల విడివడక పూర్వపు కర్నూలు జిల్లానే చూడుడు. నంద్యాల వైపున కర్నూలు-కడప కాలువ క్రింద వరి. పత్తికొండ వైపున ఎఱ్ఱనేలలలో వానకై ఎదురుచూచు వేరుసెనగ. ఈ రెంటికి సగటు తీసి ఒకే రంగు పూసిన పటము ఎవరికి అక్కఱ? మంటిలో మొక్కకందు జింకు కిలోకు 0.6 మిల్లీగ్రాములకు తగ్గినచో లోపమందురు. ఒక చేన 0.3, ప్రక్కచేన 1.5 యున్నదనుకొందము, సగటు 0.9. పటము క్షేమమనును. మొదటి చేనిలో వరి మాత్రము నాటిన రెండుమూడు వారములకే ఆకులపై తుప్పుమచ్చలు దేరి గిడసబారును. ఇది జింకు లేమివలని రుగ్మతయని 1966లో పంత్‌నగరమున నెనె గారు తేల్చిరి. ఆ మాట యెఱుగని రైతు తెగులనుకొని అంగడికి పరుగిడి, అక్కడ ఇచ్చిన మందెల్ల కొని, అప్పుపడును. కావలసినదో, దుక్కిలో ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు! అట్లని అన్నియు గ్రుడ్డిగా చల్లుటయు కూడదు. బోరాను కొంచెము మీఱెనా, పైరునకు విషమే యగును.

పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ సంస్థవారు ఈ శతాబ్ది తొలి యేండ్లలో కర్నూలు, మహబూబ్‌నగరు, నల్లగొండ జిల్లాల మెట్టచేలను పరీక్షించి గంధకము, బోరాను, జింకుల కొరత విస్తారముగా నున్నదని చూపిరి. 2009లో కర్ణాటక ప్రభుత్వముతో గూడి భూచేతన కార్యమును చేపట్టి తాలూకాల వారీగా ఎరువుల సిఫారసు నిర్ణయించిరి. జిల్లాకొక్క మాట చెప్పుటకంటె ఇది మేలు. తాలూకాతో నిలువక చేనివఱకు దిగవలెనని మా కోరిక.

ఖర్చు అధికమని అధికారులందురు. ఏటేటా వ్యర్థమగు ఎరువుల ఖర్చు ఎవరి లెక్కలో వ్రాయుదురు? మఱియొక మాట. పట్టాదారు పట్టణమున నుండగా దున్నువాడు కౌలుదారు. పత్రము పట్టాదారు పెట్టెలో నున్నచో కౌలుదారు దేనిని చూచి ఎరువు వేయును? పైరు కోసి నేల ఖాళీగానున్న వేసవిలోనే నమూనాలు తీసి, తొలకరికి ముందే సర్వే నంబరు వారీ ఫలితములను పంచాయతీ కార్యాలయపు గోడమీద, అందఱు చదువగల పెద్ద అక్షరములతో, తెలుగున వ్రాయింపవలెనని వ్యవసాయశాఖవారిని కోరుచున్నాము.