మచ్చను కప్పిన పచ్చబొట్టు అశుచియా?



గత కార్తికమాసంలో మా ఆలయంలో సామూహిక సత్యనారాయణ వ్రతం జరిగింది. తీర్థం ఇచ్చే వేళ ఒక యువతి కుడిచేయి చాపింది. మణికట్టు మొదలు మోచేతి వరకు తులసికొమ్మ ఆకారంలో పచ్చబొట్టు. ఆకుల నడుమ పరికించి చూస్తే, ఎప్పుడో కాలి ముడుచుకుపోయిన చర్మం. వెనుక నిలబడిన ఒక పెద్దావిడ, "పచ్చబొట్లు పొడిపించుకున్న చేతికి తీర్థమేమిటి పంతులుగారూ, మైల కాదా?" అన్నారు. ఆ బిడ్డ చేయి వెనుకకు తీసుకొని, "మచ్చ కనబడకూడదనే వేయించుకున్నాను స్వామీ" అని మాత్రం పలికి, తీర్థం పుచ్చుకోకుండానే వెళ్లిపోయింది. ఉద్ధరిణి నా చేతిలో అలాగే నిలిచిపోయింది. బాల్యం నుండి వేదం వల్లించిన నోటికి ఆ క్షణంలో ఒక్క మాట రాలేదు. ఆ మౌనానికి ప్రాయశ్చిత్తంగా ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నా సిద్ధాంతం ముందే చెబుతున్నాను. గాయపు మచ్చను కప్పుకొనడానికి వేయించుకున్న పచ్చబొట్టు భగవత్సన్నిధికి అడ్డు కాదు. అడ్డమని పలికినవారే అపచారం చేసినవారు. ఇక పూర్వపక్షాలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

మొదటి ఆక్షేపం: అది అశుచి. ఆశౌచమన్నది జనన మరణాది నిమిత్తాల వలన కలిగి, నియతకాలం గడిచాక తొలగిపోయేది. ఏనాడో మానిన చర్మంలో నిలిచిన రంగుకు ఆశౌచం ఎక్కడిది? మన అవ్వల చేతులను జ్ఞప్తికి తెచ్చుకోండి. ముంజేతిపై పచ్చని చుక్కలు, తులసికోట బొమ్మలు ఉన్న ఆ చేతులే మడితో నైవేద్యం వండాయి. ఆనాడు ఆ వంటను స్వామికి నివేదించిన మనం నేడు ఈ బిడ్డ చేతిని మైల అనడం ఏ న్యాయం?

రెండవ ఆక్షేపం: దైవదత్తమైన దేహాన్ని గుచ్చరాదు. అట్లయితే షోడశ సంస్కారాలలో గణించే కర్ణవేధ మాటేమిటి? శ్రీవైష్ణవుల పంచసంస్కారాలలో మొదటిదైన తాపసంస్కారంలో కాల్చిన శంఖచక్రాల ముద్రలను భుజాలపై ధరిస్తారు. మాధ్వులకు తప్తముద్రాధారణం ఉంది. స్మార్తులమైన మాకు ఆ ఆచారం లేకపోవచ్చు. అంతమాత్రాన వారిని అశుచులనగలమా? ఛత్తీస్‌గఢ్‌లోని రామనామీలు ఆలయప్రవేశం నిరాకరింపబడిన ప్రజలు. వారు రామనామాన్ని తమ దేహాలపైనే పచ్చబొట్టుగా ధరించారు. గుడి తలుపు మూసినవారు ఆ నామాన్ని వారి నుండి వేరుచేయలేకపోయారు. మనం మళ్లీ తలుపులు మూసేవారి వరుసలో నిలబడదామా?

మూడవ ఆక్షేపం: మచ్చ కర్మఫలం, దానిని దాచరాదు. ఈ వాదాన్ని అంగీకరిస్తే జ్వరానికి ఔషధమూ కూడదు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానంలో వ్రణానికి అరవై ఉపక్రమాలు చెప్పబడ్డాయి. వాటిలో కృష్ణకర్మ, పాండుకర్మ అనేవి రెండు. వ్రణం మానినచోట తెల్లబారిన చర్మాన్ని నల్లబరచడం, నల్లబడినదానిని తెల్లబరచడం వీటి ప్రయోజనం. రక్తం ఆగి గాయం పూడగానే వైద్యుని కర్తవ్యం ముగియలేదని, చర్మవర్ణం కూడా చికిత్సలో భాగమేనని మన ఆయుర్వేదం భావించింది. ఆ ఋషికి కనబడిన బాధ మనకు కనబడకపోవడానికి శాస్త్రం కారణం కాదు, మన హృదయకాఠిన్యమే కారణం.

నాల్గవ ఆక్షేపం వేదాంతులది: "ఆత్మజ్ఞానం కోరేవారికి చర్మసౌందర్యమెందుకు?" వినడానికి గంభీరమే. కాని ఆ మాట అన్నవారి దృష్టి ఎక్కడుంది? ఎదుటివారి చర్మం మీద! జనకుని సభలో అష్టావక్రుని వంకరలను చూసి నవ్విన పండితులకు ఆయన బుద్ధి చెప్పిన వృత్తాంతం మనమే ప్రవచనాలలో వినిపిస్తాం. వైరాగ్యం తనకు విధించుకోవలసిన నియమం. దానిని పరుల గాయం మీద ప్రయోగిస్తే హింస అవుతుంది.

కప్పడం అసత్యమనేవారు అర్చామూర్తులను చూడాలి. సింహాచలంలో వరాహ నృసింహస్వామి సంవత్సరమంతా చందనావృతుడై ఉండి, అక్షయతృతీయనాడు మాత్రమే నిజరూపదర్శనం ఇస్తాడు. తిరుమల శ్రీవారి చుబుకంపై పచ్చకర్పూరం అద్దుతారు. అనంతాళ్వారు విసిరిన గునపం తగిలి బాలరూపంలో ఉన్న స్వామికి గాయమైందని, ఆ గాయంపై కర్పూరం అద్దారని ఐతిహ్యం. ఆ గునపం మహాద్వారం వద్ద నేటికీ కనబడుతుంది. గాయాన్ని కప్పిన కర్పూరాన్ని కనులకద్దుకునే మనం, గాయాన్ని కప్పిన తులసికొమ్మను చూసి ముఖం చిట్లించాము.

అయితే సాధకులారా, పచ్చబొట్టును పొగడడం నా ఉద్దేశం కాదు. కప్పుకొనడం ఎంత ధర్మమో, కప్పుకొనకపోవడమూ అంతే ధర్మం. హాలాహలపు మచ్చను శివుడు దాచలేదు. అదే ఆయనకు నీలకంఠుడన్న నామమైంది. ఏది కావాలన్నది గాయపడినవారి నిర్ణయం. చుట్టుపక్కలవారికి అందులో అధికారం లేదు.

వేయించుకోదలచినవారికి రెండు హితవులు. దేవతామూర్తులను, మంత్రాక్షరాలను పాదాలపైన, నడుము క్రింద వేయించుకోవద్దు. లతలు, పుష్పాలు, పక్షులు చాలు. రెండవది, తొందర వద్దు. మచ్చ స్థిరపడడానికి ఏడాది, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పడుతుంది. కొందరికి గాయం మానినచోట చర్మం గడ్డకట్టి ఉబ్బుతుంది. దానిని కీలాయిడ్ అంటారు. అటువంటివారు చర్మవైద్యుని అడగకుండా సూది తాకనీయరాదు. వాడిన సూది వలన హెపటైటిస్ వంటి రోగాలు సంక్రమిస్తాయి గనుక కొత్త సూదిని కళ్లముందే తీయించుకోవాలి.

తోటి అర్చకులకు ఒక విన్నపం. తీర్థానికి చేయి చాపినవారిని "ఆ మచ్చ ఏమిటమ్మా?" అని కూడా అడగవద్దు. ఆ ప్రశ్నకు వారు ఎన్నిసార్లు సమాధానం చెప్పి అలసిపోయారో మనకు తెలియదు. మన పని ఉద్ధరిణితో తీర్థం పోయడం.

ఆ బిడ్డ మళ్లీ మా ఆలయానికి రాలేదు. ఎవరి ద్వారానైనా ఈ మాటలు ఆమెకు చేరితే ఇంతే చెబుతున్నాను: తల్లీ, ఆనాడు నీ చేతిలో పడవలసిన తీర్థం నేను బాకీ ఉన్నాను. ఆ మాట అన్న పెద్దావిడ ఎదుటనే నీకు మొదట ఇస్తాను. తప్పక రా.

స్వస్తి.