కలప మనది... నాదం పరాయిది

వాద్యాలకు తగిన మాను మన నేలలోనే... తయారీకి మాత్రం ఊతం కరవు

ఐరాల: జపాన్ సంప్రదాయ వాద్యం షామిసెన్. మూడు తంత్రులు, పొడవైన దండి దాని రూపం. మేలురకం షామిసెన్ దండికి అక్కడి పనివారు ఏరికోరి వాడే కలప మన శేషాచలం కొండల ఎర్రచందనమే. వారు దానిని 'కోకి' అంటారు. పూర్వపు చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాల కొండలు, వాటిని ఆనుకొన్న కొద్దిపాటి అడవులు తప్ప ఈ వృక్షం సహజంగా పెరిగే చోటు ప్రపంచంలో మరొకటి లేదు. దుంగగా దేశం దాటిన కలప వాద్యమై పలికేసరికి దాని విలువ ఎన్నో రెట్లు పెరుగుతోంది. పుట్టిన గడ్డకు మాత్రం వేలం లెక్కలు, అక్రమ రవాణా కేసులు మిగులుతున్నాయి. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో జరిగిన కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు ప్రాణాలు కోల్పోయారు. ఇంత మూల్యం చెల్లించిన ప్రాంతంలో ఆ కలపతో ఒక వాద్యమైనా తయారై బయటకు రావాలన్న ఆలోచన ఎందుకు బలపడలేదన్నది నేటి ప్రశ్న.

ఏ భాగానికి ఏ కలప?

వాద్యానికి ఒకే కలప చాలదు. మాండొలిన్‌నే తీసుకొంటే నాలుగు జతలుగా ఎనిమిది తంత్రులు ఉంటాయి. తంత్రి కంపనం గుర్రం మీదుగా పై పలకకు చేరి నాదమవుతుంది. అందువల్ల పై పలక తేలికగానూ, బిగువుగానూ ఉండాలి. పాశ్చాత్య దేశాల్లో ఇందుకు స్ప్రూస్ కలపను వాడతారు. అడుగు పలకకు, పక్కలకు మేపుల్ లేదా రోజ్‌వుడ్‌గా పేరొందిన ఇరుగుడు ఎంచుకొంటారు. మెట్లు పొదిగే పలకకు అరుగుదలను తట్టుకొనే గట్టి కలప కావాలి. మాండొలిన్ కుటుంబంలోనే పెద్దవైన మాండోలా, మాండోచెల్లోలకూ ఇదే సూత్రం.

ఈ కొలతతో చూస్తే ఎర్రచందనం బలం, పరిమితి రెండూ తేటతెల్లమవుతాయి. ఘనపు మీటరు స్ప్రూస్ సుమారు 400 నుంచి 450 కిలోలు తూగితే, ఎర్రచందనం వెయ్యి కిలోలు దాటుతుంది. నీటిలో వేస్తే మునుగుతుంది. అంత బరువైన కలప పై పలకకు తగదు. దండికి, మెట్ల పలకకు, బిరడాలకు మాత్రం అదే బరువు వరమవుతుంది. తంత్రులు ఎంత బిగించినా దండి వంగదు. నీటి అలల వంటి రేఖలున్న మానుకు జపాన్‌లో ప్రత్యేక గిరాకీ ఉండటానికి నాణ్యతతోపాటు ఆ అందమూ కారణమే.

పనస, మామిడి సంగతేమిటి?

మన రాష్ట్రంలో వాద్య నిర్మాణానికి పనస పెట్టింది పేరు. బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో సర్వసిద్ధి కులస్థులు ఒకే పనస మొద్దును తొలిచి ఏకాండ వీణను రూపొందిస్తారు. ఆ వీణకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. నూజివీడు వీణలకూ అంతే ప్రఖ్యాతి. పనస మన జిల్లాకు కొత్త చెట్టు కాదు.

ఇక మామిడి. ఐరాల పరిసరాల్లో చెరకుతోపాటు రైతును నిలబెట్టే పంట ఇదే. 2025 వేసవిలో తోతాపురి ధర పతనమైనప్పుడు కిలోకు రూ.4 చొప్పున ప్రభుత్వమే ఆదుకోవలసి వచ్చింది. గిట్టుబాటు కాక తోట కొట్టివేస్తే ఆ కలప చేరేది పెట్టెల తయారీకి, లేదంటే పొయ్యిలోకి. అదే మామిడి కలపతో హవాయి దీవుల్లో ఉకులేలే అనే నాలుగు తంత్రుల వాద్యాన్ని తయారు చేస్తున్నారు. చారలు, రంగులు కలిసిన ముదురు మాను అక్కడ ముచ్చటైన సరుకు. ఇక్కడ దానిని వంటచెరకుగా తూచి అమ్ముతున్నాం.

చట్టం తలుపు మూయలేదు

ఎర్రచందనం పేరెత్తితే చేతికి సంకెళ్లేనన్న భయం పల్లెల్లో ఉంది. వాస్తవం కొంత భిన్నం. అంతరించే ముప్పున్న జాతుల వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో 1995లో ఈ వృక్షాన్ని చేర్చారు. ఆ ఆంక్షలు ప్రధానంగా దుంగలు, పేళ్లు, పొడి, సారాలకు వర్తిస్తాయి. మన విదేశీ వాణిజ్య విధానం సైతం కలప ఎగుమతిపై నిషేధం విధిస్తూనే, చట్టబద్ధంగా సేకరించిన ఎర్రచందనంతో చేసిన వాద్యాలకు, వాద్య భాగాలకు లైసెన్సుపై అవకాశం ఇచ్చింది. పట్టా భూముల్లో పెంచిన చెట్ల ఎగుమతికి 2019లో వెసులుబాటు కల్పించారు. అంటే వాద్యాల మాట విధానంలోనే ఉంది. దానిని అందిపుచ్చుకొనే చేతులకే దారి చూపలేదు.

అడ్డంకి ఎక్కడ?

ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్న దుంగలను టన్నుల లెక్కన ఎలక్ట్రానిక్ వేలంలో విక్రయిస్తుంది. ఆ పోటీలో పెద్ద వర్తకులే నిలుస్తారు. ఒక దండికి కావలసింది మూరెడు పొడవు ముక్క. అంత చిన్న పరిమాణంలో, బిల్లుతో, అనుమతి పత్రంతో కలప దొరికే ఏర్పాటు లేనిదే వడ్రంగి ఈ పనికి పూనుకోలేడు. పట్టా భూమిలో చెట్టు పెంచిన రైతుకూ నరికివేతకు, రవాణాకు వేర్వేరు అనుమతులు తప్పవు. దశాబ్దాలు ఎదురుచూసిన చెట్టు కోతకొచ్చే వేళకు కాగితాల చుట్టూ తిరగవలసి వస్తే ఆశ సన్నగిల్లడం సహజం.

వాద్యాల ముసుగులో అక్రమ రవాణా సాగుతుందన్న అధికారుల సందేహాన్ని కొట్టిపారేయలేం. దుంగకు వేసే సంఖ్యను దానినుంచి వచ్చే ప్రతి ముక్కకూ కొనసాగించి, పూర్తయిన వాద్యం మీద కూడా అదే ముద్ర వేస్తే తనిఖీ సులువవుతుంది. వందల టన్నుల కంటే వంద దండీలను లెక్కపెట్టడం కష్టమేమీ కాదు.

మరో జాగ్రత్త కూడా అవసరం. జపాన్‌లోనే షామిసెన్ నేర్చేవారు తగ్గుతున్నారు. ఒక్క విదేశీ గిరాకీని నమ్ముకొంటే మామిడి రైతు అనుభవమే పునరావృతం కావచ్చు. యంత్రాలతో చేసిన చౌక మాండొలిన్‌లతో ధరలో పోటీ పడటమూ వృథా ప్రయాస. చేతిపనికి నిలిచే బలం నాణ్యత ఒక్కటే. కలపను నీడలో ఏళ్ల తరబడి ఆరబెట్టే ఓపిక, పలకను వేలితో తట్టి నాదం విని పలుచన చేసే చెవి అందుకు పెట్టుబడి.

నైపుణ్యం చెంతనే

ఆ చేతులు మనకు దూరంగా లేవు. ఏర్పేడు మండలం మాధవమాల కొయ్య శిల్పులకు ప్రసిద్ధి. తిరుపతిలో దేవస్థానం ఆధ్వర్యంలో సంప్రదాయ శిల్పకళా శిక్షణ సంస్థ, సంగీత నృత్య కళాశాల రెండూ ఉన్నాయి. ఒకచోట ఉలి పట్టడం, మరొకచోట శ్రుతి పట్టడం నేర్పుతున్నారు. ఈ రెంటినీ కలిపి బొబ్బిలి పనివారి చేత వాద్య నిర్మాణ శిక్షణ ప్రారంభిస్తే ఖర్చు స్వల్పం, ఫలితం శాశ్వతం. మామిడి, పనస కలపలతో పని నేర్చుకొన్నాక ఎర్రచందనం చేతపట్టవచ్చు. కాణిపాకం మన ఐరాల మండలంలోనే ఉంది. అక్కడికి వచ్చే భక్తజనం కళ్లెదుట ఒక విక్రయశాల వెలిస్తే తొలి కొనుగోలుదారుకు కొదవ ఉండదు.

తంత్రీ వాద్యాలకు ఆదరణ లేదనే వాదనకు పాలకొల్లులో పుట్టిన యు.శ్రీనివాస్ ఎన్నడో జవాబిచ్చారు. పాశ్చాత్యుల మాండొలిన్‌ను ఐదు తంత్రులకు మార్చి, కర్ణాటక సంగీతాన్ని పలికించి, 1998లో పద్మశ్రీ అందుకొన్నారు. 2014లో 45 ఏళ్లకే కన్నుమూశారు. పరాయి వాద్యాన్ని మన నాదానికి ఒదిగించిన ఘనత ఆయనది. మన కలపకు మన చేత్తోనే నాదం పోయడం ఇక మిగిలిన కర్తవ్యం. అటవీశాఖ చిన్న ముక్కల విక్రయానికి ఒక్క కేంద్రం తెరిస్తే మొదటి అడుగు పడినట్లే. అంతవరకు శేషాచలం చెట్టు పలికేది పరాయి నేలమీదనే.