మోటారు లేని పడవ

కరీంనగర్‌లో సాయంత్రమైతే జనం ఎల్‌ఎండీ (లోయర్ మానేరు డ్యామ్) కట్టకు చేరతారు. మక్క కంకులు కాల్చేవాళ్లు, సెల్ఫీలు దిగే పిల్లలు, చీకటి పడినా లేవబుద్ధి కాని పెద్దలు. 1985లో పూర్తయిన దిగువ మానేరు జలాశయం నిండితే 24 టీఎంసీలు. అంత నీటిని ఎదురుగా పెట్టుకుని చూసి వస్తాం తప్ప, దానిమీదికి వెళ్లే అలవాటు మనకు లేదు. వెళ్లినా టికెట్ కొని, ఇంజన్ హోరులో ఒక చుట్టు తిరిగి దిగిపోతాం. దాన్ని నీటితో పరిచయం అనలేం.

వికారాబాద్ దగ్గరి కోట్‌పల్లి ప్రాజెక్టులో ఆ పరిచయం దొరుకుతోంది. సెలవు రోజుల్లో హైదరాబాద్ వాళ్లు కయాకింగ్‌కు అక్కడికి వెళ్తున్నారు. కయాక్ ఇరుకైన చిన్న పడవ. కాళ్లు చాపి కూర్చుని, రెండు కొసలా రేకులున్న తెడ్డును కుడికోసారి, ఎడమకోసారి వేయాలి. కెనూ తెడ్డుకైతే ఒకవైపే రేకు. ఉత్తర ధ్రువం వైపు వేటగాళ్లు తోళ్లతో కట్టుకున్న కయాక్, 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కల్లా పతకాల ఆట అయింది.

మనకూ ఇది మరీ వింతేమీ కాదు. పొద్దున్నే థర్మకోల్ తెప్ప మీద వలలు తీయడానికి పోయే బెస్తాయనను చూడండి. చిన్న చెక్కతో నీటిని వెనక్కి తోస్తాడు, తెప్ప జారుతుంది. పక్కన మోడు మీద రెక్కలారబెట్టుకుంటున్న నీటికాకి కూడా లెక్కచేయదు. మోటారు బోటు వస్తే అదే పక్షి అది దూరంగా ఉండగానే లేచిపోతుంది.

కరీంనగర్‌లో 2023 జూన్‌లో తీగల వంతెన ప్రారంభమైంది. మానేరు రివర్‌ఫ్రంట్ పేరుతో ఒడ్డున ఇంకా ఏవేవో రానున్నాయంటున్నారు. రంగుల ఫౌంటెన్లు రానివ్వండి, వద్దనడం లేదు. ఒక మూలను మాత్రం మైకు, మోటారు లేకుండా వదిలితే బాగుంటుంది. కవ్వాల్ అడవి అంచున ఉన్న కడెం జలాశయానికి ఈ నియమం మరింత అవసరం. అక్కడ హోరు పెడితే చెదిరేది పక్షులొక్కటే కాదు.

నీటికి భయపడాల్సిన రోజులూ ఉంటాయి. 2022 జులైలో కడెంకు గేట్లు పట్టనంత వరద వచ్చి కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అలాంటి రోజుల్లో పడవ దించకూడదు. మిగతా రోజుల్లోనూ లైఫ్ జాకెట్ బిగించనిదే తెడ్డు చేతికివ్వకూడదు. ఎండాకాలం వస్తే ఈతకెళ్లి మునిగిపోయిన పిల్లల వార్త లేని జిల్లా పేజీ ఉండదు. నీళ్ల దగ్గరికి పోవద్దని అరిచినంత మాత్రాన పిల్లలు ఆగడం లేదు. కాబట్టి నీటిలో ఎలా మెలగాలో నేర్పడమే మేలు. పర్యాటక శాఖ నాలుగు కయాకులు తెప్పించి, మత్స్యకార కుటుంబాల యువకులకు శిక్షణనిచ్చి గురువులుగా పెట్టాలి. తెడ్డు ముందుగా సర్కారు బడి పిల్లల చేతికివ్వాలి, టికెట్ లేకుండా.