అభిప్రాయం వేరైనా బల్ల ఒక్కటే



సంఘములో మాట పట్టింపులు క్రొత్త కాదు. పూర్వం అవి ఆరాధన అయిన తరువాత చెట్టు క్రింద జరిగేవి. ఇప్పుడు జేబులోని ఫోనులో జరుగుతున్నాయి. సంఘ సభ్యుల వాట్సాప్ గ్రూపులో ఉదయం వాక్యము, మధ్యాహ్నం ప్రార్థన విన్నపము, రాత్రికి వివాదము! పసిబిడ్డలకు బాప్తిస్మము ఇవ్వవచ్చునా? స్త్రీలు ప్రసంగించవచ్చునా? క్రిస్మస్‌కు నక్షత్రం కట్టవచ్చునా? ప్రశ్న ఏదైనా నాలుగో మాటకు “అసలు నీకు రక్షణ ఉన్నదా?” అనే దగ్గరకు వస్తుంది. ఒకరు కోపంతో గ్రూపు విడిచిపోతారు. అలా విడిచిన కుటుంబం కొన్నాళ్లకు సంఘాన్నే విడిచిపోవడం మేము చూస్తున్నాము.

విశ్వాసులకు అభిప్రాయభేదాలే ఉండవని వాక్యము చెప్పలేదు. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చదవండి. సున్నతి విషయమై యెరూషలేములో గట్టి వాదనే జరిగింది. అయితే పేతురు మాట విన్నారు, బర్నబా పౌలుల మాట విన్నారు, ఆ తరువాతనే యాకోబు తీర్పు చెప్పాడు. అదే అధ్యాయం చివర మార్కు విషయంలో పౌలు బర్నబాలు వేరైపోయారు. కాని కథ అక్కడ ముగియలేదు. తన చివరి దినములలో పౌలు ఆ మార్కునే వెంటబెట్టుకొని రమ్మని తిమోతికి వ్రాశాడు (2 తిమోతి 4:11).

మన దక్షిణాదిలోనే మరొక ఉదాహరణ ఉన్నది. 1919 మే నెలలో తరంగంబాడిలో కొందరు సేవకులు సమకూడి, విడివిడిగా ఉన్న మన సంఘాలు ఏకం కావాలని ఆలోచన చేశారు. వారిలో దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య గారు ఒకరు. కోరిక ఒక్కటే గాని చిక్కు పెద్దది. బిషప్పు చేతులుంచి అభిషేకించని సేవకుడు ప్రభువు బల్ల ఆచరింపజేయవచ్చునా? ఆంగ్లికన్ సంఘస్థులలో అనేకులకు అది మనస్సాక్షి ప్రశ్న. తక్కిన సంఘాల సేవకులకో, మరల అభిషేకం పొందడమంటే అంతవరకు దేవుడు తమచేత చేయించిన పరిచర్యను కాదనడమే.

చర్చలు 28 సంవత్సరాలు సాగాయి. అజరయ్య గారు ఆ ఐక్యతను చూడకుండానే 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడింది. ఇకమీదట అభిషేకాలు బిషప్పులు చేయాలని, అప్పటికే సేవలో ఉన్నవారిని మరల అభిషేకించకుండానే అంగీకరించాలని ఒప్పుకున్నారు. దీనితోపాటు మరొక మాట ఇచ్చుకున్నారు. ఏ స్థానిక సంఘము మీదనైనా దాని మనస్సాక్షి ఒప్పని ఆరాధన క్రమమును గాని, పరిచర్యను గాని బలవంతంగా రుద్దకూడదని!

అయినా అందరూ కలిసి రాలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ విశ్వాసులలో అనేకులు అప్పుడు వెలుపలనే నిలిచారు. నంద్యాల అధ్యక్ష మండలము 1975లో గాని చేరలేదు. అంటే మరో 28 సంవత్సరాలు. మనమైతే రాత్రి పడుకోకముందే అన్నీ తేల్చివేయాలని చూస్తున్నాము.

కాబట్టి కొన్ని సంగతులు మనస్సున ఉంచుకొందాము.

మొదటిది, జవాబు చెప్పకముందు “మీరు చెప్పేది ఇదేనా అండీ?” అని అడుగుదాము. ఆయన అవునన్న తరువాతనే మన మాట చెప్పుదాము.

రెండవది, తప్పు చూపవలసివస్తే ఒంటరిగా చూపుదాము. మత్తయి 18:15లో ప్రభువు నేర్పిన క్రమం అదే. నూరుమంది చూస్తుండగా గద్దిస్తే ఎంతటి మంచివాడైనా తన మాట నిలుపుకోవడానికే చూస్తాడు. ఫోను చేయండి. వీలైతే ఇంటికి వెళ్లండి.

మూడవది, పునాది ఏదో, మనస్సాక్షికి విడువవలసినది ఏదో గుర్తించుదాము. క్రీస్తు ప్రభువు, ఆయన సిలువ, పునరుత్థానము పునాది. తిండి, దినముల విషయంలో తోటి విశ్వాసికి తీర్పు తీర్చవద్దని రోమా 14వ అధ్యాయంలో పౌలు బోధించాడు. క్రిస్మస్ నక్షత్రం ఆ కోవకే చెందుతుంది. బాప్తిస్మము విషయంలో కూడా, పసితనంలో పొందినవారు, పెద్దయి పొందినవారు ఒకే దక్షిణ ఇండియా సంఘములో ఉన్నారు గదా!

నాలుగవది, మర్యాద అంటే సత్యాన్ని దాచడం కాదు. విశ్వాసం పేరుతో రోగిని మందులు మానుమని ఎవరైనా బోధిస్తే, సంఘములో బలహీనులకు అన్యాయం జరిగితే, ఊరకుండరాదు. పెద్దల ఎదుట స్పష్టంగా చెప్పాలి. అప్పుడు సైతం మనిషిని హేళన చేయవలసిన పని లేదు.

ప్రియులారా, ఈ నెల ప్రభువు బల్ల యొద్దకు వెళ్లకముందు ఒక్కసారి ఆలోచించండి. ఒక మాట కారణంగా మీరు పలుకరించడం మానిన వారెవరైనా ఉన్నారా? వాదన తేలే వరకు కనిపెట్టనవసరం లేదు. అది తేలకపోవచ్చును కూడా. మీరే ముందుగా వెళ్లి వందనము చెప్పండి.

సమాధానకర్తయగు దేవుడు మన నాలుకలకును, మన వ్రేళ్లకును కావలియుండును గాక. ఆమేన్.